మూడు గంటల బ్యాటరీ గంటన్నరకే ఎందుకు ఆగిపోతుంది?

మెట్ల కింద పెట్టుకునే ఇన్వర్టర్ బ్యాటరీ మీద సాధారణంగా 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), 12 వోల్టులు అని రాసి ఉంటుంది. రెండూ గుణిస్తే 1,800 వాట్-అవర్లు. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 1.8 యూనిట్లు. నాలుగు ఫ్యాన్లు, నాలుగైదు లైట్లు, టీవీ, ఫ్రిజ్ కలిపి 600 వాట్లు లాగుతున్నాయనుకుంటే, లెక్క ప్రకారం మూడు గంటలు నడవాలి. కానీ నడవదు. కొత్త బ్యాటరీ అయినా గంటన్నర దాటేసరికి ఇన్వర్టర్ బీప్‌మని మొత్తుకోవడం మొదలుపెడుతుంది. మూడేళ్లు వాడిందైతే ఇంకా ముందే చేతులెత్తేస్తుంది.

షాపువాళ్ల మోసం అనుకుంటారు చాలామంది. నిజానికి మోసమేమీ లేదు, డబ్బా మీది అంకె కూడా నిజమే. కాకపోతే ఆ అంకెకో షరతు ఉంది. అదేమిటో తెలిస్తే, ఇప్పుడు లెడ్ యాసిడ్‌కు పోటీగా బజారులోకి వస్తున్న లిథియం, సోడియం బ్యాటరీల్లో ఎవరి ఇంటికి ఏది పనికొస్తుందో మనమే తేల్చుకోవచ్చు.

సి20 అనే చిన్న షరతు

150 ఏహెచ్ అని ఉన్నచోటే, కాస్త చిన్న అక్షరాల్లో సి20 అని ఉంటుంది. ఇరవై గంటల పాటు నిదానంగా వాడితేనే 150 వస్తుందని దానర్థం. అంటే 7.5 ఆంపియర్ల చొప్పున వాడాలి. మన 600 వాట్ల లోడుకు, ఇన్వర్టర్‌లో పోయే నష్టం కూడా కలుపుకుంటే, బ్యాటరీ నుంచి దాదాపు 60 ఆంపియర్లు లాగాలి. షరతులో చెప్పినదానికి ఇది ఎనిమిది రెట్లు. అంత జోరుగా లాగితే 150 కాస్తా 90 దరిదాపులకు పడిపోతుంది. ఈ తగ్గుదలకు జర్మన్ శాస్త్రవేత్త ప్యూకర్ట్ 1897లోనే సూత్రం రాసి పెట్టాడు.

లోపల జరిగేది ఇది. రెండు రకాల పలకలుంటాయి. ఒకటి సీసం, రెండోది సీసం డయాక్సైడ్. వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు పలకలూ యాసిడ్‌లోని సల్ఫేటును పట్టుకుని లెడ్ సల్ఫేటుగా మారుతుంటాయి, యాసిడ్ పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి నడుస్తుంది. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన తొలి రీఛార్జి బ్యాటరీలో జరిగిందీ ఇదే. నూట అరవై ఏళ్లు దాటినా అసలు రసాయనం మారలేదు.

పలకల మీది పదార్థం నిండా సన్నటి రంధ్రాలుంటాయి. యాసిడ్ ఆ రంధ్రాల లోపలి దాకా చేరితేనే పని జరుగుతుంది. నిదానంగా వాడితే లోపలి యాసిడ్ ఖర్చయ్యే కొద్దీ బయటి నుంచి కొత్తది ఇంకుతూ ఉంటుంది. ఒక్కసారిగా లాగితే రంధ్రాల్లో ఉన్నది అయిపోతుంది, బయట బోలెడంత ఉన్నా సమయానికి లోపలికి అందదు. వోల్టేజి జారిపోతుంది, ఇన్వర్టర్ ఆపేస్తుంది. ఊట తక్కువున్న బోరుకు పెద్ద మోటారు బిగించిన రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. పది నిమిషాలు దబదబా పోసి మోటారు గాలి లాగుతుంది. గంటసేపు ఆపి మళ్లీ వేస్తే నీళ్లొస్తాయి. ఆగిపోయిన ఇన్వర్టర్‌ను కాసేపటి తర్వాత ఆన్ చేస్తే ఫ్యాన్లు మరో పది నిమిషాలు తిరగడానికీ కారణం ఇదే. ఆలోపు యాసిడ్ లోపలికి ఊరుతుంది.

మనవాళ్లు నమ్మకంగా అడిగి కొనే ట్యూబులర్ రకం మరో జబ్బుకు మందు. మామూలు పలక మీద పూసిన ముద్ద ఏళ్ల తరబడి ఉబ్బుతూ కుంచించుకుంటూ రాలిపోతుంది. ట్యూబులర్‌లో పాజిటివ్ పలకను రేకులా చెయ్యరు. వేలెడు మందం కూడా లేని గుడ్డ గొట్టాలను వరసగా పేర్చి, ఒక్కోదాని నడుమ సీసపు కడ్డీ పెట్టి, చుట్టూ పదార్థాన్ని కూరుతారు. రాలడానికి చోటుండదు కాబట్టి ఎక్కువకాలం మన్నుతుంది. ఊట వేగం మాత్రం దీనిలోనూ అంతంతే.

కరెంటు కోతకు పుట్టినది, సోలార్‌కు కాదు

లెడ్ యాసిడ్‌కు కడుపు నిండా తినడానికి చాలా సమయం కావాలి. ఖాళీ అయినదాన్ని ఎనభై శాతం దాకా నింపడం కొన్ని గంటల పని. మిగతా ఇరవై శాతం మాత్రం ఎంతకీ ఎక్కదు. మిగిలిన సల్ఫేటు రంధ్రాల లోతుల్లో ఉంటుంది. తొందరపెట్టి ఎక్కువ కరెంటు తోస్తే అది సల్ఫేటును కరిగించే బదులు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. అందుకే ఛార్జర్ చివర్లో కరెంటును తగ్గించి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తుంది.

కరెంటు కోత సమయంలో రెండు గంటలు ఆదుకోవడమే పనైతే ఇదేమంత ఇబ్బంది కాదు. మిగతా ఇరవై రెండు గంటలు తీరిగ్గా నిండుతుంది. సోలార్‌తో నింపి రాత్రికి వాడుకునే ఇంట్లో కథ వేరు. ఎండ బాగా కాసేది ఐదారు గంటలు. చివరి ఇరవై శాతం ఎక్కుతూ ఉండగానే పొద్దు వాలుతుంది. ఆ కాసేపట్లో ప్యానెళ్లు ఇవ్వగలిగిన కరెంటులో కొంత వాడుకోలేకుండానే పోతుంది. మబ్బు పట్టిన వారంలో ఒక్కరోజు కూడా పూర్తిగా నిండదు. నిండని బ్యాటరీలో మిగిలిపోయిన సల్ఫేటు సన్నటి పొడిగా ఉండదు, రోజులు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలు కడుతుంది. తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా అవి కరగవు. అంతమేర పలక చచ్చిపోయినట్టే.

సంక్రాంతికి ఊరెళ్తూ మెయిన్ స్విచ్ కట్టేసి ఇన్వర్టర్ సంగతి మరచిపోయే ఇళ్లలోనూ జరిగేది ఇదే. ఫ్రిజ్ బ్యాటరీ మీద నడిచి దాన్ని ఖాళీ చేస్తుంది. వారం పాటు అది ఖాళీగానే పడి ఉంటుంది. తిరిగొచ్చాక ఛార్జింగ్ పెడితే నిండినట్టే కనిపిస్తుంది, బ్యాకప్ మాత్రం మునుపటిలా రాదు.

━━━━━━━━━━
నీళ్లు పోసేటప్పుడు

బ్యాటరీ మీద ఆరు మూతలు, ఒక్కో మూతలో పైకీ కిందికీ ఆడే ఒక సూచిక ఉంటాయి. సూచిక కింది గీతకు దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు, ఎందుకంటే ఆవిరయ్యేదీ, విడిపోయేదీ నీళ్లే. యాసిడ్ లోపలే ఉంటుంది. బోరు నీళ్లు, మున్సిపల్ నీళ్లు అసలు పనికిరావు. వాటిలోని క్లోరైడు, ఇనుము పలకలను తినేస్తాయి. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లున్నారు. అవి ఆవిరి చల్లబడి వచ్చినవే అయినా, దుమ్ము పట్టిన లోహపు కాయిల్ మీదుగా జారి వస్తాయి. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఖరీదు ఎంతని? ఆ పొదుపు అక్కర్లేదు.

నీళ్లు పూర్తి ఛార్జి అయ్యాకే పోయాలి. ఖాళీ బ్యాటరీలో గీత దాకా పోస్తే ఛార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ బయటకు పొంగుతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. కాబట్టి గాలి ఆడని అలమరలో, దేవుడి గది పక్కన, గ్యాస్ సిలిండర్ దగ్గర బ్యాటరీ పెట్టకండి.
━━━━━━━━━━

ఇనుము, ఫాస్ఫేటు, లిథియం

ఇళ్ల కోసం ఇప్పుడు అమ్ముతున్న లిథియం బ్యాటరీల్లో ఎక్కువ భాగం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానివి. షాపుల్లో ఎల్ఎఫ్‌పీ అంటారు. దీనిలో పలకలు వేరే పదార్థంగా మారిపోవడమంటూ ఉండదు. ఒకవైపు ఇనుము, ఫాస్ఫేటు కలిసిన స్ఫటికాలు, మరోవైపు గ్రాఫైటు పొరలు. లిథియం అయాన్లు ఒకదాని సందుల్లోంచి బయలుదేరి రెండోదాని సందుల్లో చేరతాయి. ఛార్జింగ్‌లో అటు వెళ్లి, వాడకంలో ఇటు వస్తాయి. వాటికి జోడీ అయిన ఎలక్ట్రాన్లు మాత్రం బయటి తీగ గుండా తిరిగి రావాలి, మన ఫ్యాన్లను తిప్పేది అవే. స్ఫటికపు కట్టడం చెదరదు కాబట్టి వేల సార్లు ఇలా రాకపోకలు సాగినా అరుగుదల తక్కువ. కరిగేదేమీ లేదు, పోయాల్సిన నీళ్లూ లేవు. చివరి ఇరవై శాతం కోసం గంటల తరబడి కూర్చోనక్కర్లేదు. సగంలో వదిలేస్తే దీనికి నష్టం లేకపోగా, అదే మంచిది.

అయాన్లు ఇందులో చురుగ్గా కదులుతాయి. అందుకే మొదట వేసుకున్న లెక్క ఇక్కడ దాదాపు నిజమవుతుంది. 150 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ బ్యాటరీకి 600 వాట్ల లోడు పెడితే రెండున్నర గంటలు సునాయాసంగా దాటుతుంది. డబ్బా మీది అంకె రెండింటికీ ఒకటే, చేతికొచ్చే కరెంటులో మాత్రం తేడా కనిపిస్తుంది. నింపిన పది యూనిట్లలో లెడ్ యాసిడ్ ఏడెనిమిది తిరిగిస్తే, ఇది తొమ్మిదికి పైనే ఇస్తుంది.

ఈ పదార్థాన్ని 1997లో లోకానికి చెప్పింది టెక్సస్ విశ్వవిద్యాలయంలోని జాన్ గుడెనఫ్ బృందం. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు అక్షయ పాధిది. మొదట్లో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇది కరెంటును సరిగా ప్రవహించనివ్వదు. రేణువులను బాగా సన్నగా చేసి, పైన కార్బన్ పూత వేశాక గానీ దారికి రాలేదు. గుడెనఫ్‌కు 2019లో, 97 ఏళ్ల వయసులో, మరో ఇద్దరితో కలిపి రసాయన నోబెల్ వచ్చింది. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు మరొకరు లేరు.

లిథియం అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2022 వేసవిలో వరసగా తగలబడిన ఎలక్ట్రిక్ స్కూటర్లు. నిజామాబాద్‌లో, విజయవాడలో ప్రాణాలు పోయాయి కూడా. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ రోజుల్లో స్కూటర్లలో ఎక్కువగా వాడింది నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం. అది విపరీతంగా వేడెక్కితే పదార్థమే విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది, మంటకు గాలి లోపలి నుంచే అందుతుంది. ఎల్ఎఫ్‌పీలో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టి ఉంచుతుంది, అంత తేలిగ్గా వదలదు. అలాగని ఇది నిప్పుకు అతీతమని కాదు. లోపలి ద్రావణం మండేదే. నాసిరకం సెల్, వదులు కనెక్షన్, తప్పుడు ఛార్జర్ కలిస్తే ఏ లిథియం బ్యాటరీ అయినా ప్రమాదమే. టెస్లా కంపెనీ కూడా తన ఇంటి బ్యాటరీ పవర్‌వాల్‌లో మొదట నికెల్ రకం వాడి, మూడో తరానికి ఎల్ఎఫ్‌పీకి మారింది. కారుకు బరువు ముఖ్యం. గోడకు తగిలించే బ్యాటరీకి కాస్త బరువు పెరిగితే వచ్చే నష్టం లేదు.

మూత విప్పి చూస్తే ఈ బ్యాటరీలో 3.2 వోల్టుల సెల్స్ వరసగా కనిపిస్తాయి. ఇళ్లకు ఎక్కువగా అమ్మే 51.2 వోల్టుల డబ్బాలో అవి పదహారు. ఒక్కో సెల్ నుంచి దారం మందం తీగ బయలుదేరి పక్కనే ఉన్న పచ్చటి సర్క్యూట్ బోర్డుకు చేరుతుంది. బీఎంఎస్ అనేది ఆ బోర్డునే. పదహారింటిలో ఏ ఒక్కటి నిండినా ఛార్జింగ్ ఆపుతుంది, ఏ ఒక్కటి అడుగంటినా వాడకం ఆపుతుంది. కాబట్టి బ్యాటరీ మొత్తం బలం అందులోని బలహీనమైన సెల్ అంతే. చవగ్గా వస్తోందని ఎక్కడో పాత సెల్స్ ఏరి అతికించిన డబ్బా కొంటే దెబ్బ తినేది ఇక్కడే.

ఇంకో జాగ్రత్త. పాత ఇన్వర్టర్‌కు లిథియం బ్యాటరీ తగిలించి, సెట్టింగ్ ట్యూబులర్ మీదే వదిలేస్తే అది అప్పుడప్పుడూ వోల్టేజిని 12 వోల్టుల ఎల్ఎఫ్‌పీ తట్టుకునే 14.6 దాటించి తోయవచ్చు. బీఎంఎస్ అడ్డుపడి బ్యాటరీని తప్పిస్తుంది, ఇంట్లో లైట్లు ఆరతాయి. లిథియం అనే సెట్టింగ్ లేని ఇన్వర్టర్‌ను దీనితో వాడకపోవడమే మేలు.

యూనిట్‌కు ఎంత పడుతుంది?

ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి. కింద వేసుకున్నవి లెక్క తీరు చూడడానికి ఉజ్జాయింపు అంకెలే, మీ షాపు ధరలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

ట్యూబులర్ బ్యాటరీ 15,000 రూపాయలు అనుకుందాం. ఆయుష్షు తగ్గకుండా ఉండాలంటే రోజూ సగానికి మించి ఖాళీ చేయకూడదు, అంటే 0.9 యూనిట్. ఇలా వెయ్యి సార్లు వాడుకున్నామంటే వచ్చినవి 900 యూనిట్లు. దాచి తీసిన ఒక్కో యూనిట్‌కు 16 రూపాయలు దాటింది. ఇంతా చేసి ఇది దాచినందుకు అయిన ఖర్చే, ఆ కరెంటు తయారు కావడానికి అయినది వేరు. మన డిస్కంల ఏ శ్లాబులోనూ గృహ యూనిట్ ధర దీని దరిదాపుల్లో లేదు.

ఐదు యూనిట్ల ఎల్ఎఫ్‌పీ లక్ష రూపాయలు అనుకుందాం. రోజూ తొంభై శాతం, అంటే నాలుగున్నర యూనిట్లు, వాడుకోవచ్చు. నాలుగు వేల సార్లు వాడితే 18,000 యూనిట్లు. ఒక్కోదానికి ఐదున్నర రూపాయలు. ముందు పెట్టే డబ్బు ఎక్కువైనా చివరికి మూడో వంతుకే వచ్చింది.

ఈ లెక్కలో అందరూ దాటేసే మాట ఒకటుంది: రోజూ. నాలుగు వేల సార్లంటే రోజుకొకటి చొప్పున దాదాపు పదకొండేళ్లు. మీ కాలనీలో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున కరెంటు పోతుంటే నాలుగు వేలు పూర్తి కావడానికి నలభై ఏళ్లు పడుతుంది. ఏ బ్యాటరీ అన్నేళ్లు బతకదు. వాడినా వాడకున్నా వయసు మీద పడుతుంది. అలాంటి ఇంట్లో లిథియంకు లక్ష పోయడం దండగ. నాలుగైదేళ్లకోసారి మార్చే ట్యూబులర్, పాతదాని బరువుకు వచ్చే ఎక్స్ఛేంజ్ డబ్బు, ఇదే సరిపోయే ఏర్పాటు. నీళ్లు పోయడం కుదరని పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లైతే, చిన్న ఎల్ఎఫ్‌పీ డబ్బా కొనడానికి అదొక్కటే చాలినంత కారణం.

రేకుల షెడ్డు కింద, మంచు కింద

కేటలాగుల్లో ఆయుష్షు అంకెలు 25 డిగ్రీల గదికి రాసినవి. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? పది డిగ్రీల వేడి పెరిగితే లెడ్ యాసిడ్ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. లోపలి చర్యలన్నీ వేడికి జోరందుకుంటాయి, అందులో పలకల కడ్డీని తుప్పు పట్టించే చర్య కూడా ఒకటి. మేడ మీద రేకుల షెడ్డులో పెట్టిన బ్యాటరీ, కింద హాల్లో పెట్టిన దానికన్నా ముందే పోవడానికి కంపెనీని తిట్టి లాభం లేదు. ఎల్ఎఫ్‌పీ కొంత నయం. అదీ 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ వద్దంటుంది, చాలా బీఎంఎస్‌లు ఆ వేడికి కరెంటును తగ్గిస్తాయి. నిండుగా నింపి వేడిలో వదిలేస్తే గ్రాఫైటు వైపు లిథియం కొద్దికొద్దిగా చిక్కుబడి పనికిరాకుండా పోతుంది.

చలికి ఎల్ఎఫ్‌పీ మరీ సుకుమారం. సున్నా డిగ్రీల కింద ఛార్జి చేస్తే అయాన్లు గ్రాఫైటు పొరల్లోకి దూరలేక పైనే లోహంగా పేరుకుంటాయి. మనకు ఇది పట్టదు గానీ, 2021 ఫిబ్రవరి మంచు తుపానులో రోజుల తరబడి కరెంటు లేక గడిపిన డాలస్, హ్యూస్టన్ తెలుగు కుటుంబాలకు పట్టే విషయం. గరాజ్‌లో పెట్టే బ్యాటరీలో తనను తాను వేడి చేసుకునే హీటర్ ఉందో లేదో అక్కడివాళ్లు అడగాల్సిందే.

సోడియం వచ్చేసిందా?

సోడియం బ్యాటరీ పనిచేసే పద్ధతి లిథియంలాంటిదే. సందుల్లోంచి సందుల్లోకి అయాన్ల రాకపోకలే. కాకపోతే సోడియం అయాన్ పెద్దది, గ్రాఫైటు పొరల మధ్య ఇమడదు. అందుకే అస్తవ్యస్తమైన పొరలున్న హార్డ్ కార్బన్ వాడతారు. అదే బరువుకు ఇది లిథియం కన్నా తక్కువ కరెంటు దాస్తుంది, ఇంటికి అది పెద్ద లోటేమీ కాదు. లాభాలు మాత్రం చాలానే ఉన్నాయి. సోడియం ఎక్కడ తవ్వినా ఉంటుంది. లిథియం బ్యాటరీలో ఒకవైపు రాగి రేకు తప్పనిసరి, ఇందులో రెండువైపులా చవకైన అల్యూమినియమే సరిపోతుంది. చలికి జడవదు. పూర్తిగా సున్నా వోల్టులకు దించి లారీలో వేసుకుపోవచ్చు. లిథియం సెల్‌ను అలా ఖాళీ చేస్తే పాడైపోతుంది.

ఇన్ని సుగుణాలుండీ ఇంకా మన వీధి షాపులో ఎందుకు లేదు? ఒక కారణం లిథియం ధరే. 2022 చివర్లో చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ దాదాపు ఆరు లక్షల యువాన్లు పలికింది. సోడియం మీద అందరి కళ్లూ పడింది అప్పుడే. రెండేళ్లు తిరిగేసరికి అదే టన్ను లక్ష యువాన్ల కిందికి వచ్చింది. ఎల్ఎఫ్‌పీ ఫ్యాక్టరీలు ఇబ్బడిముబ్బడిగా పెరిగి దాన్ని మరింత చవక చేశాయి. చవగ్గా వస్తుందన్న సోడియం ఇంకా పెద్దెత్తున తయారు కాకముందే, దాని పోటీదారు ధర దిగిపోయింది. రెండో కారణం సాంకేతికం. ఎల్ఎఫ్‌పీ వోల్టేజి ఖాళీ అయ్యేదాకా దాదాపు ఒకేచోట నిలబడుతుంది. సోడియం సెల్ నాలుగు వోల్టుల దగ్గర మొదలై ఒకటిన్నర దాకా జారుతుంది. ఇప్పుడున్న ఇన్వర్టర్లు అంత విస్తారమైన జారుడుకు తయారైనవి కావు. పూర్తిగా వాడుకోకుండానే బ్యాటరీ ఖాళీ అయిందని ఆపేస్తాయి.

ప్రయత్నాలు ఆగలేదు. చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లో మొదటి తరం సోడియం సెల్‌ను, 2025లో దానికన్నా మెరుగైనదాన్ని ప్రకటించింది. మన దేశంలో రిలయన్స్ బ్రిటన్‌కు చెందిన ఫారడియాన్‌ను కొన్నది, పుణెలోని కేపీఐటీ సొంతంగా పరిశోధన చేసింది. లిథియం గనులు లేని దేశానికి ఇది అవసరం కూడా. జమ్మూలోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం నిక్షేపాలున్నట్టు 2023 ఫిబ్రవరిలో ప్రకటించినా, అది తొలిదశ అంచనా మాత్రమే. నా మటుకు నేను, సోడియం కోసం ఎదురుచూస్తూ ఈ ఏటి అవసరాన్ని వాయిదా వేయమని ఎవరికీ చెప్పను.

మిగతా రకాలను ఇంటి కోసం పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఎడిసన్ కాలంనాటి నికెల్-ఐరన్ బ్యాటరీ దశాబ్దాలు మన్నుతుంది గానీ, నింపిన కరెంటులో మూడో వంతు మింగేస్తుంది, నీళ్లు తెగ తాగుతుంది. వనేడియం ఫ్లో బ్యాటరీలో కరెంటు దాగేది రెండు తొట్లలోని ద్రావణంలో. తొట్టి పెంచితే నిల్వ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో మరియా స్కిల్లాస్-కజాకోస్ 1980లలో రూపొందించిన ఈ పద్ధతి సబ్‌స్టేషన్లకు భేషుగ్గా సరిపోతుంది, చైనాలోని డాలియన్‌లో 2022లోనే నాలుగు లక్షల యూనిట్లు దాచే కేంద్రం నడకలోకి వచ్చింది. ఇంట్లో పంపులు, గొట్టాలు, ద్రావణపు తొట్లు ఎవరు చూసుకుంటారు? ఇళ్లకు జింక్-బ్రోమైడ్ ఫ్లో బ్యాటరీ అమ్మిన ఆస్ట్రేలియా కంపెనీ రెడ్‌ఫ్లో 2024లో మూతపడే దశకు చేరింది. ఉప్పునీటి బ్యాటరీతో వచ్చిన అమెరికా కంపెనీ అక్వియన్ 2017లో దివాలా తీసింది.

ఎండ కాస్తుంటే కరెంటెందుకు పోయింది?

మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నవాళ్లను కంగారు పెట్టే సంగతి ఇది. మిట్టమధ్యాహ్నం, ప్యానెళ్ల మీద ఎండ మండిపోతోంది. వీధిలో కరెంటు పోయింది, ఇంట్లోనూ పోయింది. గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఇన్వర్టర్ వీధిలో కరెంటు లేదని పసిగట్టగానే తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ మేడ మీది కరెంటు తగులుతుంది. కోతలో కూడా సోలార్ నడవాలంటే బ్యాటరీ ఉండాలి, వీధి నుంచి ఇంటిని విడదీసుకోగల హైబ్రిడ్ ఇన్వర్టరూ ఉండాలి.

మామూలు రోజుల్లో మాత్రం నెట్ మీటరింగ్ ఉన్న ఇంటికి గ్రిడ్డే బ్యాటరీ. పగలు ఇచ్చిన యూనిట్‌ను రాత్రి వెనక్కి తీసుకుంటున్నప్పుడు, ఐదున్నర రూపాయలు పోసి ఇంట్లో దాచుకోవడంలో అర్థం లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీని కూడా ప్యానెళ్ల సామర్థ్యం మీదే లెక్కగడతారు. పగటి ధర ఒకటి, రాత్రి ధర ఒకటి అనే పద్ధతి ఇళ్లకు కూడా వస్తే ఈ లెక్క తిరగబడుతుంది. అప్పటిదాకా, పొలం దగ్గర ఇళ్లు, గ్రిడ్ సరిగా అందని గూడేలు, రోజూ గంటల తరబడి కోత ఉండే చోట్లు మినహా, బిల్లు తగ్గుతుందని చెప్పి బ్యాటరీ అంటగట్టేవాళ్లను నమ్మకండి.

పాతది ఎవరికిస్తున్నారు?

ట్యూబులర్ బ్యాటరీ 55 కిలోలుంటే అందులో సగానికి పైగా సీసమే. దానికి విలువ ఉంది కాబట్టే పాతది పారేసేవాళ్లు ఉండరు. ఆ సీసం కరిగి మళ్లీ కొత్త బ్యాటరీలోకే వస్తుంది. ఈ ఒక్క విషయంలో లిథియం దీనికి సాటి రాదు. ఎల్ఎఫ్‌పీలో కోబాల్ట్, నికెల్ లాంటి ఖరీదైన లోహాలు లేకపోవడంతో విప్పి తీసుకునేవాడికి మిగిలేది తక్కువ.

అయితే ఆ సీసాన్ని ఎక్కడ కరిగిస్తున్నారన్నదే అసలు ప్రశ్న. పాత సామాన్ల బండికి వంద రూపాయలు ఎక్కువ వస్తుందని అమ్మితే, అది ఊరి చివర పెరట్లో గొడ్డలితో పగిలి, యాసిడ్ మట్టిలోకి ఒలికి, సీసం కట్టెల పొయ్యి మీద కరుగుతుంది. ఆ పొగ, ఆ దుమ్ము పిల్లల ఒంట్లో చేరితే బుద్ధి ఎదుగుదలనే దెబ్బతీస్తాయి. సురక్షితమైన సీసం మోతాదు అంటూ ఒకటి లేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి సరైన చోట శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుదే. లెడ్ యాసిడ్ అయినా, లిథియం అయినా పాతది డీలర్‌కే ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.